మద్దాకు కింది గుడ్లు

"బాపమ్మా, ఇగో ఈ మద్దాకు కింద గుడ్లున్నయ్. ఏం గుడ్లే ఇవి?"

ఏది, ఇటు తే. జర ఉండు, అద్దాలు పెట్టుకోనీ. ఓ... ఇవా! చిన్న చిన్న మట్టి గురుగుల్లెక్క వరుసకు నిలవడ్డయ్ సూడు. కంపు పురుగులయి బిడ్డా. గిసొంటియే, నా పెండ్లయిన ఏడాదే, నన్ను పెర్మిలికి మా అవ్వగారింటికి తోలిచ్చినంత పని జేసినయ్. నవ్వకు, ఇను.

మనది వరి ఎవుసం గదా. ఆ ఏడు మా మామకు మద్దిచెట్ల మీద పట్టుపురుగులు పెంచాలని సోకు వుట్టింది. మీ తాత వాగొడ్డుకు పోయి, మద్దిచెట్టుకు పట్టు గుడ్లు దొరికినయని ఆకు తెంపుకొచ్చిండు. పట్టు గుడ్డు ఎట్లుంటదో ఇంట్ల ఒక్కలకు తెల్వదు. నియమం మాత్రం మా అత్తకు మస్తు తెలుసు. గుడ్లు పెట్టినకాడికెల్లి పట్టుగూళ్లు దించేదాక నీసు ముట్టొద్దు, ఆలుమొగలు ఒక్కకాడ పండొద్దు. పట్టు పెంచేటోళ్లు గట్లనే ఉంటరు, ఇప్పటికీ కొందరు... ఆఁ, ఏం చెప్తున్న?

ఆఁ, మీ తాతను రేగుంట ఊర్ల ఉన్న మేనమామింటికి తోలింది. కొత్త పెండ్లికొడుకు, మొకం సూడాలె ఆయనది! మా ఆడిబిడ్డను నా పక్కల పండవెట్టింది, కావలి. ఆమెకు గురక, నాకు పరేషాన్. ఆ ఆకును మళ్ల చెట్టుకే కట్టి, గుడ్లకు కాపలా అని అత్తమామ ఇద్దరు మద్దిచెట్ల కాడ గుడిసేసుకొని ఆడనే ఉన్నరు.

ఓనాడు పొద్దుగాల గుడ్లు పలిగినయ్. ఏమెల్లినయ్? గుండ్రంగ, నల్లుల్లెక్క! అత్త ఏలు వెట్టింది, ఒకటే కంపు. ఉరికొచ్చి వాకిట్ల నిలవడి, "మీరే నియమం తప్పిండ్రు, అందుకే పురుగు మారింది. నడువ్ మీ అవ్వగారింటికి" అన్నది. నా చీరలు మూట గూడ గట్టింది. నిజం చెప్తున్న, భయమైంది నాకు. గని కోపం గూడ అచ్చింది.

"అత్తమ్మా, నీ కొడుకు రేగుంటల ఉన్నడు. నేను ఆడిబిడ్డ పక్కల ఉన్న. గుడ్ల కాడున్నది మీరిద్దరే గదా?" అన్న.

ఎనుకనే అచ్చిన మా మామ దగ్గిండు. బీడీ ఏడవెట్టిన్నో అనుకుంట గొడ్లకొట్టంల దూరిండు. అత్త కొంగు నోట్ల కుక్కుకున్నది, అయినా నవ్వు ఆగలే ఆమెకు. మూట ఇప్పి చీరలు దండెం మీద ఆమెనే ఏసింది. మాపటికి కోడిని కోపిచ్చి, కొడుకును పిలిపిచ్చింది.

నీకు గూడ గసొంటి అత్తనే దొరకాలె బిడ్డా, మాటకు మాటంటే నవ్వేటామె. సల్లగుండు.