రాయదుర్గం దారానికి చిక్కిన చేప

కరెంటు పోయి కుట్టు మిషన్లన్నీ ఆగిపోయేసరికి, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే టైలర్లు అరడజను మంది ఓబులమ్మ టీ అంగడి ముందర చేరినారు. వాళ్లల్లో దేవేంద్ర ఉండాడంటే ఇంక వేరేవాళ్లు నోరు తెరిచే పని లేదు. పోయిన వారం అతను, స్నేహితుడు బాలప్ప కలిసి ప్యాంట్ల లోడుతో మంగళూరు పక్కకి పోయొచ్చినారు. ఆ బాలప్ప ఇప్పుడు పక్కనే కూర్చొని టీలో బన్ను ముంచుకుంటాండాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదప్పా," అని మొదలుపెట్టినాడు దేవేంద్ర. "అయినా మీరు అడిగినారు గాబట్టి చెప్తాండా."

"ఎవరూ అడగలేదే," అనింది ఓబులమ్మ.

"అడగబోతాండారు కదక్కా! లోడు దింపినాక ఇంకా పొద్దుండాది, సముద్రం చూసొద్దాం రారా అని వీణ్ణి పిలుచుకపోయినా. ఆడ సముద్రంలోకి పొడుగ్గా ఒక వంతెన కట్టినారు, అవతలి గట్టుకు పోయేది కాదు, ఊరికే నీళ్లల్లోకి పోయి నిలిచిపోతాది, దాని మీద జనం వరసగా నిలబడి గాలాలేసి చేపలు పడతాండారు. మేము చూస్తాంటే ఒక ముసలాయన, 'యా ఊరప్పా మీది?' అనె. రాయదుర్గం అంటి. 'ఓహో, వాన రాని ఊరు! మీకు చేపంటే గోడ మీద బొమ్మే కదా' అని పగలబడి నవ్వె. వంతెన మీదుండే వాళ్లంతా నవ్విరి. నన్నంటే ఊరుకుందును. ఊరినంటే ఊరుకుంటానా?"

"యాడ ఊరుకుంటావులే," అన్నాడు ఎదురు బెంచీలో నరేంద్ర.

"నా జేబులో ఏముండాది? ప్యాంట్లు కుట్టే దారం కండె ఒకటి, దబ్బనం ఒకటి. దబ్బనాన్ని వంచి గాలం చేసినా. ఎర కావాల కదా? మా ఇంటామె కట్టిచ్చిన ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ ఒకటి మిగిలుండె. అది గుచ్చి విసిరినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రంలో చేపలు పుట్టినప్పట్నుంచీ ఉప్పే తప్ప కారం ఎరగవు కదప్పా! బజ్జీ వాసన తగిలేసరికి నీళ్లు కుతకుత ఉడికినట్లాయె. ఒకటొచ్చి గబుక్కున మింగె. లాగితే రాదే!"

"ఎంతుండె?"

"మొదట మేకంత అనుకుంటి. పైకి తేలినాక చూస్తే ఎనుమంత వీపు. అదీ తప్పే, అది వీపు కాదు, ముక్కు! నేనిట్లా లాగితే అదట్లా లాగె. చేతులు కోసుకపోతాంటే, కండె నా చేతిలోనే ఉంచుకొని, దారాన్ని నడిమధ్యన బాలప్ప ప్యాంటు బెల్టు లూపుకి కట్టినా."

"పాపం, ఆయప్పని అడగకుండానా?"

"స్నేహితుణ్ణి అడిగేదేముందక్కా? చేప ఒక్క గుంజు గుంజె. బాలప్ప ఎగిరి సముద్రంలో పడె. మునిగినాడా? లేదు! బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడినట్ల నీళ్ల మీద నిలబడి పోతాండాడు. లూపు తెగితే మనిషి పోతాడు, వీని పెండ్లానికి నేనేం చెప్పేది? కానీ ఆ లూపు కుట్టిందెవరు?"

"నువ్వే," అన్నారు ముగ్గురు నలుగురు.

"నేనే! తెగలా. కండె పట్టుకొని, వంతెన కంబానికి కాలు తన్నిపెట్టి, ఉన్న బలమంతా తీసి లాగినా. ఏమైందో తెలుసా? చేప రాలా, బాలప్ప రాలా, వంతెన కదిలె! గట్టు కాడ పుటుక్కున విరిగి, మనుషులతో సహా రైలు మాదిరి సముద్రంలోకి బయల్దేరె. ముసలాయన నా కాళ్లు పట్టుకొని, 'అప్పా, దారం తెంపప్పా' అని ఏడుస్తాండాడు. తెగేదానికి అది వేరే ఊరి దారమా? ఎద్దుకి పగ్గం పట్టినట్ల పట్టి చేపని వెనక్కి తిప్పినా. అదే వంతెనని నెట్టుకొచ్చి యాడిది ఆడ అతికించె. మెడలో టేపుండాది కదా, కొలత తీస్తే కంటికే చాల్లేదు. నడుం కొలుచుకొని రాపోరా అని వీణ్ణి పంపితే, చుట్టూ తిరిగొచ్చేసరికి వీనికి గడ్డం పెరిగె! ముసలాయన చేతులెత్తి మొక్కి ఏమన్యాడో తెలుసా? 'నీళ్లు లేకనే ఇంత చేస్తిరి, ఉండింటే మా సముద్రం ఖాళీ చేస్తురు' అన్యాడు!"

బెంచీలు చప్పట్లతో అదిరినాయి. ఓబులమ్మకు మాత్రం ఒక అనుమానం మిగిలింది.

"అంత చేప ఏమాయెనప్పా? మాకు ముక్కయినా తేకపోతివే."

"వదిలేసినా అక్కా. దానికీ పిల్లలుంటాయి కదా. దయ తలిచి వదిలితే, తోకతో దండం పెట్టి పోయె. ఏరా బాలప్పా?"

అందరూ బాలప్ప వైపు తిరిగినారు. అంతసేపూ తలాడిస్తా వచ్చిన బాలప్ప, బన్ను మింగి, మూతి తుడుచుకున్నాడు.

"వదల్లేదు కదప్పా," అన్నాడు నెమ్మదిగా, మరిచిపోయినోడికి గుర్తు చేసినట్లు. "ఫోటో తీద్దామని నువ్వు గోడ మీద పెడితివి. పిల్లి నోట కరుచుకొని పోలా?"

నరేంద్ర చిటికెనవేలు పైకెత్తి, "ఇంతుండెనా అన్నా చేప?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక ఓబులమ్మ టీ గిన్నె కింద పెట్టేసింది. ఒకడు బెంచీ మీద నుంచి జారి కింద కూర్చున్నాడు. తను అన్నదేందో అప్పటికి అర్థమై, బాలప్ప మొగం చిన్నబోయింది.

దేవేంద్ర నవ్వులన్నీ అణగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. గ్లాసులో మిగిలిన గుక్క తాగి, బాలప్ప భుజం మీద చెయ్యేసి, ముందుకు వంగినాడు.

"ఆ పిల్లి ఎంతుండె, మీకు తెలుసా?"