చేతి గేరు బండి

"గేరు బండి వద్దని జెప్పిన గదరా! ఎన్నిసార్లు జెప్పాలె?"

"ఎందుకొద్దో అదన్న జెప్పు బాపు."

మేడ్చల్ దవాఖానాలో మధ్యాహ్నపు వేళ. ఫ్యాక్టరీలో ఇనుప కడ్డీల కట్ట తెగి కాళ్ల మీద పడ్డ లింగస్వామి, నడుము నుంచి కిందికి దుప్పటితో, మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. రేపు పొద్దున ఆపరేషన్. కాళ్ల సంగతి ఈలోపల అబ్బాయికి మీరే చెప్పుకోండి అని డాక్టరు తండ్రి బాలనర్సయ్యతో అన్నాడు. ఎంతటి మాటైనా మొహం మీద అనేసే మనిషికి ఈ ఒక్క మాట దగ్గర నోరు పెగల్లేదు. గౌడవెల్లి నుంచి ఫ్యాక్టరీకి పోయి రావడానికి కొత్త బండి కొందామని మొదలుపెట్టి, అందులోనే ఇరుక్కుపోయాడు.

"స్కూటర్ అయితె నిమ్మలంగ పోవచ్చు బిడ్డా. గేర్లు లేవు, ఏం లేవు. ఇట్ల తిప్పుడు, అట్ల పోవుడు. పొద్దుగాల షోరూములు తిరిగొచ్చిన. ఆక్టివా జూసిన, యాక్సెస్ జూసిన."

"నువ్వు? షోరూముకు? ఎక్సెల్ మోపెడ్ మీద గడ్డిమోపు తెచ్చుడు తప్ప నీకేం ఎర్క బాపు బండ్ల సంగతి?"

"ఎర్క లేకనే అడిగిన. నలుగుర్ని అడిగిన. ఆక్టివాది రేకు బాడీ అంట. కింద వడ్డా సొట్ట వడ్తది గని పగులదంట. ఇంజన్ సంగతి ఇగ అడుగనే అక్కెరలేదన్నరు."

"అందరు గదే అంటరు. బుక్ జేస్తె నెలలకు నెలలు ఆగాలె. అది గూడ జెప్పిన్రా?"

"జెప్పిన్రు. ఆగుదం."

"ఎట్ల ఆగుతం? కట్లు ఇప్పినంక నేను డ్యూటీకి పోవాలె గదా."

"పోదువు గని. తొందరేముంది? పోదువు."

"గందుకే మోటర్‌సైకిల్ అంటున్న. ఇయ్యాల పోతె రేపు తెచ్చుకోవచ్చు. కాకపోతె గిప్పుడు హీరో, హోండా ఇద్దరు విడిపోయిన్రు గదా. ఎవనిది కొనాలె, ఇంజన్ ఎవనిది మంచిగుంటది అని మా ఫ్యాక్టరీల రోజు లొల్లే."

"అన్నదమ్ములు వేరువడ్డట్టే గదా అది. వాళ్ల పంచాది మనకెందుకురా? మనం స్కూటర్ తీస్కుంటున్నం."

"నువ్వు తీస్కుంటున్నవ్. నేనెక్కడ తీస్కుంటున్న?"

"ఇంకో కంపెనీది గూడ చూపిచ్చిండు. పేరు యాదికొస్తలేదు. రంగు మస్తుంది. హెల్మెట్ ఫ్రీ అన్నడు, సీటు కవర్ ఫ్రీ అన్నడు, మొదటి సర్వీసింగ్ ఫ్రీ అన్నడు. గిన్ని ఫ్రీ ఇస్తుండంటె ఏందో కిరికిరి ఉన్నదని లేచొచ్చిన."

"సర్వీసింగ్ అందరు ఫ్రీ ఇస్తరు బాపు!"

"ఏమోరా. నాకు నమ్మకం కుదరలె. నేను అడిగింది ఒక్కటే. ఏ కంపెనీ బండి నడిమిట్ల ఆగదు? గది జెప్పున్రి, మైలేజ్ గియిలేజ్ నాకొద్దు అన్న."

"ఆగని బండి ఎవడు జేస్తడు? ఆగితె దిగి నూకుకుంట పోత. ఏముంది?"

"నూకుడు ఉండొద్దు!"

"ఎందుకు గట్ల ఒర్రుతవ్? పక్క మంచం ఆయన లేస్తడు."

"నూకుడు ఉండొద్దు బిడ్డా. బండి అన్నంక ఇంటికాడ ఎక్కితె మల్ల ఇంటికాడ్నే దిగాలె. గసొంటిది గావాలె."

"సరే. మరి యాక్సెస్ ఎందుకు జూసినవ్?"

"నూటిరవై అయిదు ఇంజన్ అది. గుంజుడు ఎక్కువ."

"నేనొక్కన్ని పోయెటోన్ని. బక్క పాణం. ఏం గుంజాలె?"

"బరువుంటది గదా."

"ఏం బరువు?"

"ఏదో ఒకటి. సామానుంటది. మీ అమ్మ ఉంటది. షామీర్‌పేట చుట్టాలింటికి పోవద్దా? సీటు గూడ కిందికున్నది. ఎక్కుడు దిగుడు అల్కగ ఉంటది."

"నేనేమన్న ముసలోన్నా, ఎక్కుడు దిగుడు జూసుకుంట కొనెటందుకు?"

తల్లి యాదవ్వ చాయ్ ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చింది.

"చాయ్ తాగు బిడ్డా. ఏమయ్యా, జెప్పినవా?"

"జెప్తున్న. నువ్వు అది ఆడ వెట్టి బయట కూసోపో."

"ఏం జెప్తున్నవ్? బండ్ల పేర్లు తలుపుకాడికి ఇనవడ్తున్నయ్. గిదేనా నీ జెప్పుడు? డాక్టర్ సారు మల్లొచ్చి అడిగితె ఏమంటవ్?"

"జెప్తనంటున్న గదనే! మీద వడి పీక్కుతినకు."

"పీక్కుతింటున్ననా? నీ నోట్ల మాట లేకనే గదా నేను…"

"అమ్మా. కొట్లాడకున్రి. నువ్వు పో, బాపుతోని నేను మాట్లాడుత."

"సల్లగైతది బిడ్డా, ముందుగాల తాగు."

"తాగుత. నువ్వు పో అమ్మా."

యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

"బాపు. ఇగ చాలు. నాకెర్కే."

"ఏంది ఎర్క?"

"రేపు ఎడమ కాలు తీసేస్తరు."

"ఎవరు జెప్పిన్రురా?"

"అమ్మ పొద్దుగాలనే జెప్పింది. నువ్వు ఆమెకు జెప్పినవంట. నేను జెప్పినట్టు మీ బాపుకు జెప్పకు అని ఒట్టు వెట్టిచ్చుకున్నది. ఆమెను తిట్టకు."

"తిట్టనురా. ఎందుకు తిడ్త. ఎడమ కాలని జెప్పిందా?"

"నువ్వు జెప్పిందే గదా జెప్పింది."

"అవ్. నేను జెప్పిందే."

"నాకెందుకు జెప్పలె మరి?"

"నోరు రాలె కొడుకా. తలుపుదాక ఒచ్చి ఎనుకకు మల్లిన. నీ మొఖం జూస్తె భయమైంది. ఇన్నేండ్లల్ల నేను ఎవ్వనికి భయపడలె లింగా. నీకు భయపడ్డ."

"పొద్దుగాల మస్తు ఏడ్సిన బాపు. అమ్మ బయటికి పోయినంక మొఖం మీదికెల్లి దుప్పటి కప్పుకొని ఏడ్సిన. ఇగ అయిపోయింది. జూడు, ఇప్పుడు ఏడుస్తున్ననా? ఒక్క కాలు పోతె మనిషి పోతడా?"

"పోడు కొడుకా. పోడు."

"మరింకేంది? చాయ్ పొయ్యి. నువ్వు గూడ తాగు. పొద్దుగాలకెల్లి ఏం తినలేదు నువ్వు, నాకెర్కే."

"పోస్త. పోస్తున్న."

"కింద వోస్తున్నవేంది? ఇటియ్యి, నేను వట్టుకుంట. ఇప్పుడు బండి ముచ్చట సక్కగ మాట్లాడుదం. నువ్వు అప్పటికెల్లి గేరు వద్దు, గేరు వద్దు అంటుంటె లోపల లోపల నవ్వుకున్న. మోటర్‌సైకిల్ గేరు ఎడమ కాలుతోని ఎయ్యాలె గదా. గందుకే బాపు స్కూటర్ మీద వడ్డడు అనుకున్న."

"అవ్. గందుకే."

"అయితె ఆక్టివా వద్దు. గన్ని నెలలు ఎవరాగుతరు? పాతది తీస్కుందం. చేతి గేరుది."

"చేతి గేరుదా?"

"చేతక్, గసొంటిది. క్లచ్ చేతిలనే, గేరు చేతిలనే, రెండు ఎడమ చేతికే. ఎడమ కాలుకు పనే లేదు. కుడి కాలు కింద ఎనుక బ్రేకు ఉంటది, గదొక్కటే."

"అది పాత బండి లింగా. కంపెనోడే స్కూటర్లు జేసుడు బందువెట్టిండు."

"కంపెనోడు బందువెట్టిండు, బండ్లు బందువడలే గదా. గౌడవెల్లిల పాల క్యాన్లు కట్టుకొని ఇంకా తిరుగుతలేరా? రేకు ఏమన్న అరిగిందా? నమ్మకం నమ్మకం అంటివి, దానికంటె నమ్మకం ఏదుంటది?"

"పార్టులు దొరుకయ్."

"రాణిగంజ్‌ల కుప్పలు వోసి ఉంటయ్."

"మైలేజ్ రాదు."

"మైలేజ్ గియిలేజ్ నాకొద్దని ఇందాక నువ్వే అంటివి!"

"పొద్దుగాల స్టార్ట్ గాదురా అది. పక్కకు ఒంచాలె, మల్ల లేవట్టాలె, కిక్కు మీద కిక్కు కొట్టాలె."

"ఒంచుతం. అమ్మ పట్టుకుంటది. కిక్కు కుడి కాలుతోనే గదా కొట్టాలె. ఉన్నది గదా కుడి కాలు."

"అబ్బ!"

"ఏమైంది?"

"ఏం గాలె. చాయ్ వేడిగున్నది."

"సల్లారిపోయింది బాపు చాయ్."

"కొత్తదే తీస్కుందం లింగా. నా మాట ఇను. ఎన్ని నెలలైన ఆగుదం. దానికి సైడు చక్రాలు ఏపిస్త. బోయిన్‌పల్లిల ఏస్తరంట, అడిగొచ్చిన."

"చక్రాలు గూడ అడిగొచ్చినవా? గందుకా గుంజుడు ఎక్కువుండాలె అంటివి! జెప్పొచ్చు గదా ముందుగాలనే. సరే, ఆ చక్రాలు చేతి గేరు దానికే ఏపిద్దం."

"వద్దు. కొత్తదానికైతె బ్రేకులు రెండు చేతులకే ఉంటయ్."

"చేతులకెందుకు, కాలు ఉండంగ?"

"కాలు అలిసిపోతది."

"బాపు, రేపటికెల్లి గా ఒక్కదాని మీదనే బత్కాలె నేను. అలిసిపోతదని దాన్ని మూల కూసోవెడితె ఎట్ల? మా సూపర్‌వైజర్ గూడ ఇందాక ఫోన్ల జెప్పిండు, కూసోని జేసె పని ఇస్త, కర్ర వట్టుకొని ఒచ్చినా సరే అని. వస్త అన్న. ఒక్క కాలుతోని నిలవడుడు నేర్సుకోవాలె, నడుసుడు నేర్సుకోవాలె, బ్రేకు తొక్కుడు ఎంత?"

"గట్ల మాట్లాడకు."

"ఎట్ల మాట్లాడాలె మరి? ధైర్యం జెప్పుకుంటున్న. నువ్వు జెప్తలేవని నేనే జెప్పుకుంటున్న."

"నా కొడుకువురా నువ్వు. నాకంటె మొనగానివి."

"అయితె ఒప్పుకో. చేతి గేరుది."

"వద్దు."

"కుడి కాలు మంచిగనే ఉన్నదన్నరు గదా?"

"ఎవరన్నరు?"

"ఎవరేంది? ఎడమది తీస్తరని జెప్పినోళ్లు కుడిది మంచిగుంటెనే గదా ఏం అనలేదు. నడుముల సూది ఇచ్చినకాడికెల్లి నాకు కింద ఏం తెలుస్తలే. రెండు మొద్దువారినయ్. దుప్పటి లేపి జూస్త అంటె నర్సమ్మ లేపనిస్తలే. నువ్వన్న జర లేపు, జూస్త."

"వద్దు."

"జర లేపు బాపు."

"వద్దు బిడ్డా. సల్లగాలి వడ్తది."

"ఎండకాలం గదా."

"అయినా వద్దు."

"ఏందో ఉన్నది. నువ్వు నా దిక్కు జూస్తలేవు."

"జూస్తున్న గదరా."

"కిటికీ దిక్కు జూస్తున్నవ్. సరే, ఇది జెప్పు. అలియాబాద్ ఫరీద్ భాయ్ నీకెర్కనా? దుకాండ్లకు కోడిగుడ్లు ఏస్తడు."

"ఎర్కే."

"చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు ఎండిపోయింది ఆయనకు. చేతి గేరు బండికి సైడు చక్రాలు ఏపిచ్చుకున్నడు. ఎనుక గుడ్ల ట్రేలు కట్టుకొని, కరీంనగర్ రోడ్డు మీద లారీల నడుమకెల్లి, నోట్ల పాన్ ఏసుకొని జుయ్యిమని పోతడు. ఒక్క గుడ్డు పగులది. పెండ్లయింది, పిల్లలున్నరు. ఎవ్వని మీద ఆధారపడ్తలేడు."

"ఆయన సంగతి వేరు."

"ఏం వేరు?"

"వేరురా. ఇడిసిపెట్టు."

"ఇడువను. ఏం వేరో జెప్పు."

"ఆయనకు అలవాటైంది."

"నాకు గూడ అయితది. నేర్సుకుంట. ఇంకేం వేరు?"

"ఆయన గుండె వేరు."

"నా గుండెకేమైంది? ఇందాక మొనగానివంటివి. ఇంకేం వేరు బాపు? ఆయనది గదే బండి, గదే రోడ్డు. ఆయనకు లేంది ఎడమ కాలే, నాకు లేకుంటయ్యేది ఎడమ కాలే. మరి ఆయనకు చాలిన బండి నాకెందుకు చాలదు? జెప్పు. నా దిక్కు జూసి జెప్పు!"

"ఆయనకు ఒక్క కాలన్న ఉన్నదిరా కొడుకా!"