ఫారంల రాసిన పేరు

రుక్కి. యాభై రెండేండ్లు. సంతకం పెట్టే ముందు చెయ్యి కొంగుకు తుడుచుకునేది. మీ నానమ్మ పేరడిగితే ఆమె ఎందుకు యాదికొచ్చిందంటవా? చెప్త. ఆ ఫోను జర పక్కకు పెట్టు, అక్షరా. నా పెన్షన్ ఫారం యాడికి పోదు.

సోమ్లా అని, మా పోస్టాఫీసుల టపా బస్తాలు మోసేటోడు, పర్మినెంటు నౌకరీ. మరిపెడ దిక్కు తండా. నేను క్లర్కును. వాని కుటుంబం వివరాలు నింపుతున్న. 'భార్య పేరు చెప్పుర' అంటే తల గోక్కుంటడు. పెండ్లాం పేరు నోటితోని అనడు గద! 'సుభాష్ వాళ్ల అమ్మ, సారూ' అంటడు. 'ఆమెకు పేరే లేదార?' అన్న. ఆఫీసంత నవ్వింది. బయట టపా బండి హారన్ మీద హారన్. ఏదో ఒకటి లెమ్మని లక్ష్మి అని రాసిన. వాడు వేలిముద్ర ఏసిండు. చదివి వినిపియ్యలే. ఆడమనిషి పేరే గద, ఏదైతేంది అనుకున్న.

ఏండ్లు గడిచినయి. రిటైరు గాకముందే సోమ్లా గుండె ఆగి పోయిండు. వాని పెండ్లాం రుక్కి ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చింది. 'లక్ష్మి ఏది?' అన్నరు పైఆఫీసోళ్లు. 'లక్ష్మి ఎవలు?' 'సోమ్లా భార్య.' 'మరి నేనెవల్ని?' ఆధార్ల రుక్కి, రేషన్ కార్డుల రుక్కి. తండాలేమో, 'ఆయన మానుకోటల ఇంకోతిని పెట్టుకున్నడట' అని గుసగుస. సచ్చినోడు లేసొచ్చి చెప్తడా? మూడేండ్లు తిరిగింది పాపం.

ఆఖరికి నా దగ్గరికొచ్చింది. 'సారూ, రాసింది నువ్వే. తప్పు నాదే అని ఒక్క ముక్క రాసియ్యి.' నా రిటైర్మెంటు నాలుగు నెల్లుంది బిడ్డా. ఒప్పుకుంటే ఛార్జిషీటు ఇస్తరని, నా పెన్షన్ ఆపుతరని భయం. 'లక్ష్మి, రుక్కి ఒక్కరేనని నువ్వే అఫిడవిట్ పెట్టు, అయిపోతది' అన్న. నా తెలివి చూసినవా? కాయిదం ముంగట పెట్టిన. చెయ్యి కొంగుకు తుడుచుకున్నది. పెన్ను పట్టుకున్నది. మల్ల కింద పెట్టింది.

'రాత్రి బడికి పోయి నా పేరు రాయ నేర్చుకున్న సారూ. నీ తప్పుకు నా పేరు మార్చుకోవాల్నా?'

లేచి పోయింది.

నానమ్మ పేరా? శకుంతల. రాసినంక చదివి వినిపియ్యి. నా పెన్షనా? నాది నెలనెలా పడుతనే ఉన్నది. రుక్కి ఖమ్మం దిక్కు మిర్పకాయ కూలికి పోయింది. ఆరేండ్లు ఏరింది. ఆ తోటలనే సచ్చిపోయింది.