గానుగ కాడ బల్ల

"మామ్మా, రేపు కాలేజీలో చెప్పాలి. మన నూనె గానుగ వ్యాపారంలో లోపలివాళ్లు ఎవరు, బయటివాళ్లు ఎవరు?"

ఏటే? మళ్లీ అను. లోపలోలూ, బయటోలూనా? ఓలమ్మో! ఎచ్చెర్ల కాలేజీలో మీకు నేర్పుతన్నది ఇదేటే? మీ నాన్న బుర్రలోకీ ఇదే ఎక్కినాది. అందుకే కదే, నానిలగ గేటు బయట బల్లేసుకుని కూకున్నాను. రా, కూకో. ఎండ తగులుతాది, ఇటు జరుగు.

నాను కోటబొమ్మాళి నుంచి ఈ గజపతినగరానికి కోడలిగా వచ్చినప్పుడు ఇంకా ఎద్దు గానుగే. మోటారు ఎప్పుడు పెట్టినారు... మీ పెద్దత్త పెళ్లికి ముందు. కాదు కాదు, పెళ్లయినాకే. సర్లే, ఇప్పుడు దాంతో ఏటి. మా అత్త మొదటిరోజే నన్ను తీసుకొచ్చి ఈ బల్ల మీదే కూకోబెట్టినాది, నువ్వులు ఆడించుకోడానికి వచ్చిన ఆడోల మధ్యన. ఎవుల నువ్వులు ఆలే గానుగలో పోసుకుంటారు, బెల్లం ముక్క ఆలే ఏస్తారు. నూనె దిగేదాకా కూకుని ఊసులాడతారు. నూనె డబ్బాలో, నూనె దిగినాక మిగిలిన తెలగపిండి మూటలో కట్టుకుని ఎల్లిపోతారు. ఆడించినందుకు అప్పుడు డబ్బులెవులు ఇచ్చీవోరు? తెలగపిండిలో కొంత మనకి ఒదిలితే అదే కూలి.

ఇంకోటి, మొదట దిగిన నూనె డబ్బాలోకి పోదు. నువ్వులు తెచ్చినావిడ అరిసేత్తో పట్టి, మనింట్లో ఏ పిల్ల గుంట కనబడితే ఆ గుంట మాడుకి అంటుతాది. అది మన గానుగ మర్యాద.

ఇప్పుడు మీ నాన్న ఏటి సేసినాడు? ఇనప గేటు పెట్టినాడు. అద్దాల కిటికీ పెట్టినాడు. నువ్వులిచ్చి టోకెను తీసుకోవాలంట, సాయంత్రం వచ్చి నూనె పట్టుకుపోవాలంట. బయటివారు లోపలికి రాకూడదని బోర్డు కూడానే! సదువు రానోలకి ఏలెట్టి మరీ సూపిస్తన్నాడు. ఇదేట్రా అంటే, "ఆల్లకి కూకునే బాధ తప్పినాదమ్మా" అంటాడు. బాధంట! ఇంట్లో కోడలి మీద అలిగి, నాలుగు మాటలు సెప్పుకోడానికే నువ్వులు నెత్తినెట్టుకుని వచ్చినోలు నాకెంతమంది తెలుసో ఈడికి తెలుసా?

మొన్న పక్కూరి నర్సమ్మ వచ్చినాది. మనవరాలు పురిటికి వచ్చి పిల్లని కన్నాదంట. పసిగుడ్డుకి ఒళ్లు రుద్దడానికి నూనె, బాలింతకి కూరొండడానికి తెలగపిండి కావాల కదా. సొంత పొలంలో పండిన నువ్వులు, కడిగి ఎండబెట్టి తెచ్చినాది. మీ నాన్న కిటికీలోంచి టోకెను సాపినాడు. "నా నువ్వులు నాను పోసుకోకూడదేటి బాబూ? పసిదాని నూనె, నా కళ్లతో సూసుకుంటాను" అన్నాదావిడ. అంతే, ఈడికి రోషం వచ్చీసినాది. "మేమేటి దొంగలమా?" అనీసినాడు. నిన్ను దొంగని ఎవులన్నారొరే? ఆవిడ మూట నెత్తికెత్తుకుని ఎల్లిపోనాది. నాను ఎనకాలే పరిగెట్టినాను గానీ, ఈ మోకాళ్లు కదలాలి కదా. బస్సెక్కీసినాది.

ఆ మర్నాటి నుంచి సూడు, మన గడపలోకి ఎవులైనా వస్తన్నారేటి? మోటారు ఊరకే పడున్నాది. అందరూ అవతలూరి మిల్లుకి ఎల్తన్నారు. అక్కడ బల్ల ఉన్నాదంట! నా ఒళ్లు మండిపోతన్నాదే.

మీ నాన్న లెక్కలో లోపలోలంటే ఆడు, నాను, మోటారు తిప్పే అప్పన్న. నర్సమ్మ బయటిదంట. ఒసే, నువ్వు పుట్టినప్పుడు నీ మాడు మీద మన గానుగ నూనె మొదట పెట్టింది ఎవులనుకున్నావు? ఆ నర్సమ్మే. మీ నాన్న మాడు మీదా ఆవిడ సెయ్యే. జిడ్డు కారే నెత్తితో ఆవిడ ఒళ్లోనే నిద్రపోయీవోడు, ఈ బల్ల మీదే. అలాటి మనిషికి టోకెను ఇచ్చినాడు!

అందుకే అప్పన్న సేత బల్ల బయటికి లాగించీసినాను. నానూ బయటిదాన్నే, కోటబొమ్మాళి దాన్ని. నాకు అన్నం ఇక్కడికే తెమ్మను. ఆడు ఎల్లి నర్సమ్మని పిలుసుకొచ్చి, ఈ బల్ల లోపల ఏసిన రోజే నాను లోపలికొస్తాను. ఎల్లి సెప్పు మీ నాన్నకి. నా మాట ఇనడు గానీ, నీ మాట ఇంటాడు.

ఆగు, ఎల్లిపోకు. ఇలగొచ్చి తల ఒంచు. ఓలమ్మ, మాడు ఎలా ఎండిపోనాదే! అంటుదామంటే ఇయ్యాల కొత్త నూనె దిగనేదు తల్లీ, ఎవులూ రానేదు కదా. ఉత్త సెయ్యే పెడతన్నాను. బాగా సదువుకో. సల్లగుండు...