నిటారుగా పట్టుకున్న స్టీరింగ్

స్టీరింగ్ నిటారుగా పట్టుకోమని చెప్పింది మీరే కదా మేడమ్? మధ్యలో ఉన్న కంపెనీ బొమ్మ అటూ ఇటూ వాలకుండా పట్టుకుంటే బండి తిన్నగా పోతుందని? మా ఆవిడ అదే చేసింది. అక్షరాలా అదే చేసింది. బండి మాత్రం ఎడమకి పోయింది. మరి దీనికెవరు జవాబు చెప్పాలి?

అబ్బే, గొడవ పెట్టుకోవడానికి రాలేదండీ. నా గొంతే అంత, ఏమీ అనుకోకండి. తలుపు కాస్త దగ్గరికి వెయ్యనా? బయట మీ దగ్గర నేర్చుకునేవాళ్ళు కూర్చున్నారు, ఊరికే వింటారు.

చిన్న సాయం కావాలి, అంతే. మా ఆవిడతో మీరొక్క మాట చెప్పాలి. "అమ్మా, తప్పు నాదే, డ్రైవింగ్ స్కూలు బండి వేరు, ఇంటి బండి వేరు, ఆ సంగతి నీకు చెప్పడం మర్చిపోయాను" అని. మీకు పోయేదేముంది చెప్పండి? ఆవిడకి మీరంటే గురి. మీరంటే నమ్ముతుంది.

ఎందుకు చెప్పాలంటారా?

అలా చూడకండి మేడమ్. అలా చూస్తే నాకు అబద్ధం నోట్లోనే ఉండిపోతుంది.

సరే. చెప్తాను. మా ఆవిడ పని మీకు తెలుసుగా. ఆపరేషన్లయి మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి, మెల్లగా నిలబెట్టి నడిపిస్తుంది. ఊరి చివర కాలనీలకి బస్సులు మారి మారి వెళ్ళేది. అందుకే మీ దగ్గర చేరింది. ఎంత శ్రద్ధగా నేర్చుకుందో మీరూ చూశారు. లైసెన్సు చేతికొచ్చిన రోజు మీకు ఫోన్ చేసి ఏడ్చింది కూడా, కదూ?

అప్పుడే మా బండి స్టీరింగ్‌లో శబ్దం మొదలైంది. గతుకు వస్తే చాలు, టకటకమని. చక్రాన్ని అటూ ఇటూ తోసే కడ్డీ ఉంటుంది చూడండి, టై రాడ్డు, దాని చివర కీళ్ళు అరిగిపోయాయన్నారు. "షాపులో ఇచ్చేద్దామండీ" అంది మా ఆవిడ. నేను వింటానా? ఇంత చిన్న పనికి షాపెందుకన్నాను. మా అక్కావాళ్ళాయన ఉన్నాడు లెండి, మా బావ. వాళ్ళ బండి పనంతా ఆయనే చేసుకుంటాడు. నేను బల్బు మార్చడానికి కూడా మనిషిని పిలుస్తానని పదిమందిలో నవ్వుతాడు. ఒక్కసారి ఆయన నోరు మూయించాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

వీడియోలు చూశాను. పానాలు కొన్నాను. ఇంటి ముందు జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు ఊడదీశాను. మా ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుని ఏది అడిగితే అది అందించింది. నా మొహాన పడ్డ గ్రీజు తన కొంగుతో తుడిచింది. "మా ఆయనే బిగిస్తున్నారు, ఎవరినీ పిలవలేదు" అని వాళ్ళమ్మకి ఫోన్లో చెప్పుకుంది. ఎంత మురిసిపోయిందో తెలుసా మేడమ్!

పాత కీలు ఎంతవరకు బిగించి ఉందో కొత్తదీ సరిగ్గా అంతవరకే బిగించాలి. అందుకని కడ్డీ మరల మీద గోళ్ళరంగుతో గుర్తు పెట్టాను. ఆవిడదే, ఎర్రది. ఆ పాతది ఊడి రాదే! నూనె పోశాను, సుత్తితో కొట్టాను, మళ్ళీ పోశాను. చివరికి ఊడొచ్చింది. మట్టీ జిడ్డూ ఉందని ఆ మరలన్నీ కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను.

ఆఁ. గుర్తు కూడా పోయింది.

ఆవిడ అప్పుడే టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఏం చేశాను? కంటి అంచనాకి బిగించేశాను. రెండో వైపూ అంతే.

ఆ వీడియోలో వాడు మరీ మరీ చెప్పాడండీ, ఇది మార్చాక తిన్నగా అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళండి, చక్రాలు సరిచేయించకుండా రోడ్డెక్కకండి అని. నాకు తెలియక కాదు. కానీ అక్కడికి వెళ్తే ఇంకొకడు నా పని చూస్తాడు. చూసి నవ్వుతాడు. అదే నా భయం. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను.

వీధి చివరిదాకా ఒకసారి నడిపి చూశాను. స్టీరింగ్ కుడికి వాల్చి పట్టుకుంటే గానీ బండి తిన్నగా పోవట్లేదు. తెలిసింది మేడమ్, చేతికి తెలిసింది. అదే అలవాటైపోతుందిలే అని తాళాలు ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడకేం తెలుసు? మీరు చెప్పినట్టు నిటారుగా పట్టుకుంది. బండి ఎడమకి లాగితే కుడికి తిప్పేది, గతుకులో పడితే ఇంకో పక్కకి పోయేది. వచ్చి చెప్పేది కూడా. "ఏమండీ, మేడమ్ బండిలో ఇలా ఉండేది కాదు" అని. నేనేమన్నాను? "కొత్తలో అంతే. చేతులు బిగపట్టుకోకు" అన్నాను. పైగా సలహా!

ఒకరోజు పొద్దున్న రోడ్డు అంచున ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడట. ఈవిడ జాగ్రత్తగానే వెళ్తోంది. ఏదో గతుకు తగిలి బండి అటు జరిగింది. పక్క అద్దం ఆయన కర్రకి తగిలి కర్ర ఎగిరిపడింది. ఆయనకేం కాలేదు, దేవుడి దయ. ఈవిడే దిగి, కర్ర ఏరి ఆయన చేతికిచ్చి, అక్కడే రోడ్డు పక్కన కూలబడిపోయింది. ఆ ముసలాయనే మంచినీళ్ళిచ్చి ఊరుకోబెట్టాడట.

ఇంటికొచ్చి చేతులు ముందుకు చాపి చూసుకుంటూ కూర్చుంది. "రోజూ వీటితోనే మనుషుల్ని నిలబెడతాను. ఇవాళ ఒకాయన్ని పడేసేదాన్ని" అంది.

అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పాలి. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మర్నాడు ఆవిడ స్నానానికెళ్ళినప్పుడు బండి తీసుకుని అలైన్‌మెంట్ షాపుకెళ్ళాను. చక్రాలకి అవేవో బిగించి తెర మీద చూపించారు, మొత్తం ఎరుపే. "ఇవెవరు మార్చారు సార్?" అని అడిగాడు షాపతను. ఎవరో రోడ్డు పక్క మెకానిక్ అన్నాను. నోరు తిరిగింది చూడండి! "ఇన్నాళ్ళూ ఎవరు నడిపారు?" అన్నాడు. మా ఆవిడన్నాను. "గట్టి చెయ్యే సార్. ఇంకొకరైతే ఈపాటికి గుంటలో పడేసేవారు" అన్నాడు.

బయటికొచ్చి అక్కడున్న పాత టైర్ల కుప్ప వెనక నిలబడ్డాను. పని అయ్యేదాకా లోపలికి వెళ్ళలేకపోయాను.

ఇంటికొస్తే ఆవిడ "ఎక్కడికెళ్ళారు?" అంది. గాలి కొట్టించుకొచ్చానన్నాను.

లేదండీ, అక్కడితో ఆగితే మీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాదేమో.

ఆదివారం అక్కా బావా వచ్చారు. అందరం కలిసి బయల్దేరాం. నేను నడుపుతున్నాను, బావ పక్కన, ఆడవాళ్ళు వెనక. "నువ్వే బిగించావటగా, చక్రాలు ఊడిపోవు కదా?" అని బావ మొదలుపెట్టాడు. ఖాళీ రోడ్డు. నేనేం చేశానో తెలుసా? రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసేసి గాల్లో పెట్టాను. "చూడు బావా, దారం పట్టుకుని పోతున్నట్టు లేదూ?" అన్నాను. బండి తిన్నగా పోతోంది. మరి పోదా, సరిచేయించుకొచ్చానుగా! బావ భుజం తట్టాడు. చేతికర్ర సంగతి అప్పటికే విన్న అక్క నవ్వుతూ, "అయితే తప్పు బండిది కాదన్నమాట" అంది.

అద్దంలో మా ఆవిడ కనిపిస్తోంది. కిటికీలోంచి బయటికి చూస్తోంది. "అవును వదినా, బండి బాగానే ఉంది. నాకే రాదు" అంది.

నేనేం చేశాను మేడమ్? చేతులు మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టుకుని నడిపాను.

ఆ సాయంత్రం వెనక అద్దం మీదున్న ఎల్ స్టిక్కర్ గోటితో గీకి తీసేసింది. అందరూ నడపడం వచ్చాక తీస్తారు, ఈవిడ మానేసి తీసింది. ఇళ్ళకి వెళ్ళడమూ మానేసింది. మోకాలి ఆపరేషనైన ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "ఎప్పుడొస్తావమ్మా, నువ్వొస్తేనే నేను లేస్తున్నాను" అంటే, "వేరే అమ్మాయిని పంపిస్తానమ్మా" అంది. నా ఎదురుగానే అంది.

ఏమన్నారు? ఒక్క మాట చెప్తే క్షమించేసేది కదా అంటారా?

క్షమించేది. నవ్వేసేది కూడా. నాకు తెలుసు. అందుకే చెప్పలేదేమో.

ఇంకోటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు. తాళాలు చేతిలో పెట్టిన కొత్తలో రోజూ నన్ను బస్టాపు దగ్గర దింపి వెళ్ళేది. చెయ్యి ఊపి, బండి ఎడమకి లాగుతున్నా చక్కగా మలుపు తిప్పుకుని పోయేది. నేను బస్సు కోసం నిలబడేవాణ్ణి. పక్కవాళ్ళు "మీ ఆవిడా?" అనేవారు. అవునంటూ నవ్వేవాణ్ణి, కానీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. ఆవిడ స్టిక్కర్ గీకేసిన రోజు జాలేసిందని నాకు నేనే చెప్పుకున్నాను. జాలి కాదు మేడమ్. హాయిగా అనిపించింది. బండి మళ్ళీ నాదైంది అనిపించింది.

ఛీ అనండి. అనరేం?

వద్దు, మీరేం చెప్పొద్దు. మీ నోటితో అబద్ధం ఆడించాలని వచ్చినవాణ్ణి, నాకెలాంటి శిక్ష వెయ్యాలి అసలు! ఉండండి, నేనే చేస్తాను. ఇక్కడే, మీ ముందే. బయటికెళ్తే మళ్ళీ మనసు మారుతుంది.

హలో... నేనే. ఏం లేదు. అదే, ఉంది. విను. ఆ స్టీరింగ్ నేను తప్పుగా బిగించాను. మొదటి రోజే తెలుసు నాకు. నీకు చెప్పకుండా తీసుకెళ్ళి సరిచేయించాను, ఆ తర్వాతే ఆదివారం చేతులు వదిలి చూపించాను. నీ చేతుల్లో ఏ లోపం లేదు. నీకు డ్రైవింగ్ వచ్చు... వింటున్నావా?... ఆఁ... ఆఁ. మేడమ్ వాళ్ళ స్కూలు బయటే ఉంది... సరే.

పెట్టేసింది.

లేదండీ, తిట్టలేదు. ఏడవనూ లేదు. బండెక్కడుందని అడిగింది. చెప్పాను. "నేనొచ్చి తీసుకెళ్తాను. మీరు బస్సులో వెళ్ళండి" అంది.

ఇవిగోండి తాళాలు. ఇక్కడి నుంచి బస్టాపు ఎటువైపు?