నలభై ఏడో నంబరు అతుకు

కంచరపాలెంలో గవర్రాజు పోయిన పదిహేనో రోజు మధ్యాహ్నం. అతని దగ్గర వెల్డింగు నేర్చుకున్న చంటి, దూరాన సైటులో మిగిలిపోయిన అతని సంచీ తెచ్చి గవర్రాజు భార్య చిట్టెమ్మకిచ్చాడు. ఇచ్చేసి గుట్టుగా జారుకుందామనుకున్నాడు గానీ, ఆవిడ కదలనివ్వలేదు.

“కునుకు తీసారా లేదా? అదొక్కటే సెప్పు సంటీ.”

“ఎవరొదినా?”

“మీ అన్న. పన్లో కునుకు పట్టీసింది, అందుకే అతుకు పాడైపోనాదన్నారు. నువ్వు పక్కనే ఉన్నావు గదా?”

“అన్న... అలగన్నాడా?”

“అడిగినప్పుడల్లా అదే మాట. సెప్పవేటి?”

“కాసిన్ని మంచినీళ్ళిస్తావా వొదినా?”

“ఇదిగో. తాగి సెప్పు. అసలు మీరతుకులేసిన ఆ గొట్టంలో ఏటి పారతాది? నీళ్ళా, నూనా?”

“ఏటీ పారదు. నాలుగు కిలోమీటర్ల పొడుగు. లోపల గాలి కూడా ఉండకూడదు. ఎక్కడో ఆకాశంలో రెండు నచ్చత్రాలు గుద్దుకుంటే, ఆ కుదుపు కోట్ల ఏళ్ళకి మన కాడికొస్తాదట. దాన్ని సైంటిస్టులు అందులో పట్టుకుంతారు. కంటికి ఆనని సందున్నా సాలు, గాలి దూరిపోద్ది. మొత్తం పనికిరాదు.”

“ఆ సందు ఆయన అతుకులోనే ఎందుకొచ్చింది? ఇరవయ్యేళ్ళల్లో ఎప్పుడైనా ఆయన అతుకు ఎక్స్‌రే తీస్తే ఫెయిలయ్యిందా?”

“లేదు.”

“మరి?”

“ప్రతి అతుకు పక్కనా ఎవులేసారో ఆల నంబరు, ఇనప పంచ్ పెట్టి అచ్చు కొడతారొదినా. దాని మీద నలభై ఏడుంది. నలభై ఏడంటే అన్న. అంతే, ఇంటికి పంపీసారు.”

“ఆ తర్వాత ఏ కాంట్రాక్టరూ పన్లోకి రానివ్వలేదు. నాలుగు నెలలు ఈ గోడకానుకునే కూకున్నారు. నానూ ఊరుకోలేదు సంటీ. కూడెట్టినప్పుడల్లా దెప్పాను, పన్లో నిద్దరెలాగొచ్చిందని. గుండాగిపోయిందాకా దెప్పాను.”

“అలగనకొదినా.”

“ఏ రోజేసిన అతుకది?”

“గుర్తులేదు.”

“నీకు గుర్తులేదా?”

“నానెళ్తాను. బండికి టైమైపోతంది.”

“కూకో. రోజు సెప్పు.”

“...మార్చి తొమ్మిది.”

“తొమ్మిదా? తొమ్మిదిన నాకిక్కడ ఆపరేషను. ఆయన ఆస్పత్రిలో నా కాడున్నారు.”

“ఊఁ.”

“సంటీ. ఇటు సూడు.”

“సెలవడిగితే ఇవ్వలేదొదినా. ఎళ్తే మరి రావక్కర్లేదన్నారు. ‘నా నంబరు కొట్టీ, నానున్నట్టే ఉంటాది’ అని పంచ్ నా సేతిలో పెట్టి రైలెక్కీసాడు. మూడు అతుకులేసాను. రెండు నిలబడ్డాయి.”

“నువ్వేసావా!”

“ఒప్పీసుకుంతానన్నాను. ఒట్టు. అన్నే నా నోరు మూసీసాడు. ‘నీ పనీ పోద్దిరా, ఇద్దరం ఎందుకు? మీ వొదిన్తో అసలనకు, తనవల్లే అనుకుని ఏడుస్తాది’ అన్నాడు. పంచ్ సంచీలోనే ఉంది. ఇప్పుడెళ్ళి సెప్పీమంటే సెప్పీస్తాను. తిట్టొదినా. కొట్టు.”

“ఆ రాత్రంతా నా సెయ్యి పట్టుకుని స్టూలు మీద కూకున్నారు. మెలకువొచ్చి సూసినప్పుడల్లా ఆయన కళ్ళు తెరిసే ఉన్నాయి. ఒక్క కునుకు తియ్యలేదు సంటీ.”