ఉలి సప్పుడు

నంద్యాలలో ఒక హాలు. బొమ్మలు గీసి, నాటకాలాడి, పాటలు కట్టి, రాయి చెక్కిన డ్రాయింగు మాస్టరు ఎడ్విన్ ఈమధ్యే పోయాడు. ఆయన జ్ఞాపకంగా తోటి శిల్పులు పెడుతున్న ప్రదర్శన రేపే. అక్కడ ఆయన భార్య ఎలిజబెత్, ఆళ్లగడ్డ శిల్పి నరసింహులు.

"ఆ చీటీ పీకేయ్ అప్పా."

"ఏ చీటీ అక్కా?"

"ఇప్పుడు అంటిచ్చినావే, అదే. 'ఎడ్విన్ చెక్కిన ఆఖరి శిల్పం' అని."

"ఉండనీలే. మా అందరి బొమ్మలూ గోడల పక్కన, సారుది నడుమన. అట్లనే అనుకున్న్యాం కదా."

"పీకేయ్ అంటాండా కదా."

"బొమ్మ బాగలేదా? గొర్రెపిల్లను ఎత్తుకున్న తల్లి. ఆమె చేతులు చూడు, ఎంత..."

"బాగుంది. బాగుందనే పీకేయ్ అంటాండా."

"ఏందక్కా ఈ మాటలు? కుర్చీ వేస్తా, కూచో. పొద్దున్నుంచి ఏమన్నా తిన్న్యావా?"

"తిన్న్యా."

"ఏం తిన్న్యావ్?"

"ఏమో. ఏదో తిన్న్యా. అప్పా, కుడిచెయ్యి పడిపోయినాక ఆయన ఇది ఎట్ల చెక్కినాడు?"

"చిన్నగా. చిన్నగా చెక్కినాడు. చెయ్యి కొంచెం తిరిగింది కదా."

"తిరిగిందా?"

"తిరిగిందిలే. దినామూ మీ పెరట్లో షెడ్డుకు పోతాండె. నీకు వంటింట్లోకి ఉలి సప్పుడు వినపడతాండె కదా."

"వినపడతాండె. అయ్యేదాకా చూడొద్దని నన్ను మాత్రం లోపలికి రానీలే."

"మరి! సాయంత్రానికి సొక్కా నిండా రాతిపొడి..."

"సొక్కా మీదనే. ఎంట్రుకల్లో ఉండేది కాదు. మునుపైతే తలంతా తెల్లగా అయ్యేది."

"గుడ్డ కట్టుకున్న్యాడేమో."

"ఆ పొడి యాడిది అప్పా?"

"అక్కా, ఈడ వద్దు. అవతల మనుషులుండారు."

"యాడిది అని అడుగుతాండా."

"నేనే. నేనే ఆళ్లగడ్డ నుంచి సంచిలో తెచ్చిస్తాంటి. ఆయన సల్లుకుంటాండె. సరేనా?"

"బొమ్మ?"

"గీసింది ఆయనే, ఎడమచేత్తో. చెక్కింది నేను, మా కార్ఖానాలో. పూర్తయినాక తెచ్చి మీ షెడ్డులో పెట్టినా. 'చెయ్యి ఇంక రాదని తెలిస్తే మా ఇంట్లో ఆమె కూడు మానేస్తాది నరసింహులూ' అన్న్యాడు. నేనేం చెయ్యల్ల?"

"సప్పుడు?"

"అదా... పనికిరాని రాయి ఒకటి ఉండె. ఉలిని దాని మీద కాళ్లతో పట్టుకోని, ఎడమచేత్తో సుత్తి. నీకు వినపడల్లని. అంతే అక్కా. తప్పయితే నన్ను తిట్టు, ఆయన్ను ఏమనొద్దు."

"ఆయన్ను నేనెందుకంటా? నాకు తెలుసు కదా."

"ఏందీ?"

"రాయి తరిగేకొద్దీ సప్పుడు మారతాది అప్పా. పెండ్లయినప్పట్నుంచి వింటాండా. అది మారలే. దినామూ అదే సప్పుడు. ఒక్కసోటే కొడతాండాడని అప్పుడే తెలిసిపాయ."

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"చెబితే షెడ్డుకు పోవడం మానేస్తాడు. మంచంలో పడుకోని గోడ చూస్తాడు. అందుకే ఆయన రాంగానే, ఈ పొద్దు ఎంత పనైంది అని అడుగుతాంటి."

"ఏమంటాండె?"

"ఇంక కొంచెమే ఉందిలే అంటాండె."

"ఏడ్చేయ్ అక్కా. సారు పోయినప్పట్నుంచి నీ కంట్లో సుక్క నీళ్లు చూడలే."

"రావడం లేదప్పా. నేనేం చేద్దు. ఈ బొమ్మను పట్టుకోని కూడా చూసినా. సల్లగా ఉంది, అంతే. ఆ రాయి యాడుంది?"

"ఏ రాయి?"

"ఆయన కొట్టింది."

"మీ షెడ్డులోనే, మూలకు. దాంతో ఏం పని?"

"ఆటో పంపిచ్చి తెప్పిచ్చు. మా ఊరు శిరివెళ్ల ఈడికి ఎంత దూరం. ఈ తల్లి కింద నీ పేరు రాసి, గోడ పక్కకు జరుపు. నడుమన అది పెడదాం."

"జనం నవ్వుతారక్కా! దాంట్లో ఏముంది? కొట్టి కొట్టి గుంటపడింది. గుంట, అంతే."

"దాన్నే ఆయన దినామూ నాకోసరం చెక్కినాడు. చీటీ చిన్నగా పీకు అప్పా, చినగకుండా. దాని కింద అంటిచ్చల్ల."